కడచెవి

సువర్చల చెవుల డాక్టరు కాదు. అయినా ఆ వీధిలో టీకొట్టు మనిషి దగ్గర్నుంచి ఆటోస్టాండు వాళ్ళ దాకా అందరూ ఆవిడని చెవుల డాక్టరమ్మ అనే అంటారు. ఒక పెద్దాయన తన చెవిలో హోరు పెడుతోందని ఏకంగా ప్రయోగశాల లోపలికే వచ్చేశాడు. నేను బతికున్నవాళ్ళ చెవులు చూడను బాబాయిగారూ అని ఆవిడ చెప్పేసరికి, ఆయన హోరు సంగతి మర్చిపోయి చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా గేటు దాటాడు. ఆ తర్వాత ఆ వీధిలో ఆవిడ ఎదురొస్తే కొందరు పక్కకి తప్పుకునేవారు.

ఆవిడ చేసే పని అలాంటిది మరి. అనుమానపు చావు జరిగినప్పుడు శవపరీక్ష చేసిన డాక్టర్లు ఐసు పెట్టెలో ఒక ఎముక ముక్క పంపిస్తారు. అది చెవి లోపలి భాగం. బఠాణీ గింజంత ఉండి నత్తగుల్లలా చుట్టలు తిరిగి ఉంటుంది. దానిలో ఒక్క చుక్క నీరు, ఆ నీటిలో కంటికి కనపడని నూగు ఉంటాయి. మనం ఏది విన్నా ఆ నూగు ఊగుతుంది. ఊగినప్పుడల్లా నీటిలోని ఉప్పు గోడలకి సన్నటి పొరగా అంటుకుంటుంది. మనిషి ఆరోగ్యంగా ఉన్నంతకాలం నెత్తురు ఆ పొరల్ని ఎప్పటికప్పుడు కడిగేస్తూనే ఉంటుంది. ప్రాణం పోయే ముందు నెత్తురు నెమ్మదిస్తుంది, కడగడం మానేస్తుంది. అప్పుడు పడిన పొరలు అలాగే నిలిచిపోతాయి. వాటిని ఒక్కొక్కటే చదివి మళ్ళీ శబ్దంగా వినిపించే యంత్రాన్ని సువర్చల సగం జీవితం ధారపోసి తయారుచేసింది. కాగితాల మీద దాని పేరు చాలా పొడుగు. దాని దగ్గర పనిచేసే జానీబాషా మాత్రం కడచెవి అని పెట్టుకున్నాడు. ఆ పేరే నిలిచింది.

కడచెవికి ఒకే ఒక్క నియమం. చచ్చిన చెవి వినదు. గుండె ఆగిన తర్వాత నూగు ఊగదు, పొర పడదు. అందుచేత అది వినిపించిన ప్రతి మాటా మనిషి ప్రాణంతో ఉండగా విన్న మాటే అయి తీరాలి. ఈ నియమం మీదే కోర్టు ఆ యంత్రాన్ని నమ్మింది. దాన్ని ఆధారం చేసుకుని కొందరు జైలుకి వెళ్ళారు, కొందరు ఇంటికి వెళ్ళారు.

నాంచారయ్య కేసు వానాకాలం చివర్లో వచ్చింది. ఎస్సై స్వయంగా పెట్టె పట్టుకుని వచ్చి, కుర్చీలో కూలబడి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి గానీ నోరు విప్పలేదు. ఊరు ఊటలంక. కృష్ణ మధ్యలో లంక అది, ఏ పని మీద వెళ్ళాలన్నా పడవెక్కాలి. నాంచారయ్య అరటి రైతు, నలభై దాటని మనిషి, రాయిలా ఉండేవాడు. రాత్రి భార్యతో గొడవపడి పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. ఒంటి మీద దెబ్బ లేదు. నోట్లో నురగ లేదు. శవం ఇంకా గుమ్మం దాటకముందే అతని అక్క పున్నమ్మ పోలీసులకి కబురంపింది, మరదలే ఏదో పెట్టి చంపిందని. ఇంట్లో పురుగుమందు డబ్బా దొరికింది. అరటి తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంటుందనుకోండి, అయినా దొరికింది. మందుల పరీక్షలో ఏమీ తేలలేదు. తేలకపోవడాన్ని కూడా ఊరు అతని భార్య నేర్పరితనం కింద జమకట్టింది. ఆ భార్య పేరు సీతారావమ్మ. అప్పటికే జైల్లో ఉంది.

"నాకు ఆ మనిషిని చూస్తే చంపినట్టు అనిపించట్లేదు మేడం," అన్నాడు ఎస్సై. "అట్టాగని చంపలేదని చెప్పడానికీ నా దగ్గరేం లేదు. లాయరునన్నా పెట్టుకోమ్మా అంటే పలకదు. వాడి చెవిలో ఏవుందో మీరే చెప్పాలి. లేకపోతే ఆవిడ జన్మ అక్కడే వెళ్ళిపోద్ది."

జానీబాషా ఎముకని యంత్రంలో అమర్చాడు. పొరలు చదవడం పైనుంచి మొదలవుతుంది. పైన ఉండేది ఆఖరి పొర. అంటే ముందుగా వినపడేది మనిషి చివరగా విన్న శబ్దం, ఆ తర్వాత వెనక్కి వెనక్కి పోవాలి. మామూలుగా ఏ చెవిలోనైనా కొద్ది నిమిషాల పొరలే మిగులుతాయి. ఈ చెవిలో పొరలు తవ్వినకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఇంచుమించు ఒక పూట మాటలున్నాయి. బాషా నుదురు గోక్కున్నాడు. సువర్చలకి అప్పుడే ఏదో తేడాగా అనిపించింది.

ఇద్దరూ హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని విన్నారు. మొదట్లో ఏమీ వినపడలేదు, దూరంగా చెరువు అడుగు నుంచి వచ్చినట్టు ఏదో అలికిడి, అంతే. ఇంకాస్త వెనక్కి వెళ్ళేసరికి శోకాలు వినపడ్డాయి.

ఒకరిద్దరు కాదు, నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి ఏడుస్తున్నారు. పల్లెటూళ్ళలో చావు దగ్గర ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయిన మనిషితో తమకున్న బతుకంతా చెప్పుకుంటూ, రాగం తీస్తూ, జవాబు అడుగుతూ ఏడుస్తారు. సువర్చల చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో విన్నదే. వాళ్ళందరి గొంతుల్లోంచి ఒక గొంతు మరీ దగ్గరగా, చెవిలో నోరు పెట్టి ఏడుస్తున్నట్టుగా వస్తోంది.

"మాట్టాడమాకంటే మాట్టాడకుండానే పోతావంటయ్యా... కోపానికి అన్న మాట మూటగట్టుకు పోతావంటయ్యా... ఎనక్కి తీసుకుంటన్నానయ్యా... ఒక్కసారి పలకవయ్యా..."

జానీబాషా హెడ్‌ఫోన్లు చెవుల మీంచి లాగేశాడు. చచ్చినవాడి చెవిలో చావు తర్వాతి ఏడుపు ఎలా ఉంటుంది? ఉండకూడదు. ఉందంటే యంత్రం తప్పయినా అవ్వాలి, ఎముక కలుషితమైనా అవ్వాలి. యంత్రం తప్పయితే ఇప్పటిదాకా ఇచ్చిన సాక్ష్యాలన్నీ తప్పే. వాటిని నమ్మి జైల్లో పెట్టిన మనుషులు గుర్తొచ్చి సువర్చలకి గుండె జారిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బా తెరిచి కూడా అన్నం తినలేదు.

ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ వీధరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కింటి ముసలాయన ఆ ఉదయమే పోయాడట. వెళ్ళొచ్చిన అమ్మ మండిపడుతోంది. ఆ ఇంట్లో ఒక్కరూ గొంతెత్తి ఏడవలేదట, నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకుని గుడ్లప్పగించి కూర్చున్నారట. ఆయన చెవిలో ఏ మాట పడితే ఏ యంత్రం బయటపెడుతుందోనని కోడళ్ళకి భయమట.

"పోయినాయన ముందు ఏడవటానికి కూడా భయపడే రోజులు తెచ్చిపెట్టావు తల్లీ," అంది అమ్మ. "నేను పోయాక మాత్రం నా చెవి జోలికి రాకు. చెప్తున్నా."

పోలీసులు అడిగితే తప్ప ఎవరి చెవీ తను ముట్టుకోనని సువర్చల విసుక్కుంది. అమ్మ చిక్కుడుకాయల మీద నుంచి చూపు తిప్పకుండా, మరి మీ నాన్నది చూశావా అని అడిగింది. ఆయన పెద్దాసుపత్రిలో అద్దాల గదిలో పోయాడు, లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. లేదమ్మా అంది సువర్చల. అమ్మ చేతిలో ఉన్న కాయకి ఈనె మొత్తం లాగి పక్కన వేసింది.

"మంచిపని చేశావు," అంది. "నా పేరు పిలిచాడని చెప్పినా తట్టుకోలేను, పిలవలేదని చెప్పినా తట్టుకోలేను."

మర్నాటి నుంచి ఇద్దరూ యంత్రం మీద పడ్డారు. ప్రతి మరా విప్పి చూశారు. పాత ఎముకలు పెట్టి మళ్ళీ విన్నారు, అన్నీ మునుపటిలాగే సరిగ్గా పలికాయి. ఎముక ఇంకొకరిదేమోనని రక్తంతో పోల్చి చూశారు, నాంచారయ్యదే. తప్పు ఎక్కడా దొరకలేదు. ఇక మిగిలింది శబ్దాన్ని శుభ్రం చేసి మళ్ళీ వినడమే. ఏడుపు అడుగున ఒక మొరటు చప్పుడు మొదట్నుంచీ అడ్డుపడుతూనే ఉంది. పడవ ఇంజనో, నీళ్ళ మోటారో అయ్యుంటుందని బాషా దాన్ని తీసేయడానికి నానా తంటాలు పడ్డాడు. ఎంత తుడిచినా పోదు. వాడికి కోపమొచ్చి, దీని అంతు చూస్తానని, ఏడుపంతా తీసేసి ఆ చప్పుడొక్కటే మిగిల్చాడు.

అది విన్న బాషా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏమైందని సువర్చల అడిగితే, వినండి అన్నట్టు చెయ్యి చూపించాడు. ఆవిడ విన్నది. రెండు దెబ్బలు, ఒక ఆగడం. మళ్ళీ రెండు దెబ్బలు, ఇంకాస్త ఎక్కువసేపు ఆగడం. నిమ్మళంగా, నీరసంగా, మానకుండా కొట్టుకుంటోంది.

గుండె. మన చెవికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే శబ్దం మన నెత్తురుదే కదా. అలవాటైపోయి మనం పట్టించుకోం గానీ చెవి వింటూనే ఉంటుంది.

యంత్రం తప్పు చెయ్యలేదు. చచ్చిన చెవి వినలేదు. ఆ ఆడవాళ్ళు ఏడుస్తున్నంతసేపూ నాంచారయ్య బతికే ఉన్నాడు, అంతా విన్నాడు. నెత్తురు అంత నెమ్మదించబట్టే ఒక పూట పొరలు అలా నిలిచిపోయాయి.

సువర్చల గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఒక్కసారి పలకవయ్యా అని భార్య చెవిలో నోరు పెట్టి అడుగుతుంటే ఆ మనిషి లోపల ఎంత గింజుకున్నాడో అనుకుంటే ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఏడ్చింది కూడా. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, బతికున్న మనిషిని అచ్చం శవంలా చేసేది ఏముందా అని ఆలోచించడం మొదలుపెట్టింది. కనురెప్ప కదలదు, నాలుక కదలదు, ఊపిరి పైకి కనపడదు, తెలివి మాత్రం పోదు. చదువుకునే రోజుల్లో ఒక మేష్టారు చెప్పిన పాఠం గుర్తొచ్చి, లోపలికి పరిగెత్తి, శవపరీక్ష ఫొటోలు తెప్పించమని ఎస్సైకి ఫోను చేసింది.

ఫొటోల్లో కాళ్ళున్నాయి. మనవైపు శవానికి రెండు కాళ్ళ బొటనవేళ్ళూ కలిపి గుడ్డపేలికతో కడతారు. ఆ పేలిక ఒరుసుకున్న గీత ఎడమ బొటనవేలి మొదట్లో స్పష్టంగా కనపడుతోంది. డాక్టరు దాన్ని కట్టు గీతగానే రాసుకున్నాడు, అది తప్పేం కాదు. ఫొటో పెద్దది చేసి చూస్తే గీత అంచునే సూదిపోటు లాంటి చుక్క ఒకటి ఉంది. కట్లపాము కాటు అంతకంటే పెద్దగా ఉండదు. నొప్పి తెలియదు, వాపు రాదు, నిద్రలో కరిస్తే నిద్రే చెడదు. ఆ విషం ఒళ్ళంతా చచ్చుబడేస్తుంది, తెలివిని మాత్రం ముట్టుకోదు. మందుల పరీక్షలో పురుగుమందు కోసం వెతుకుతారు గానీ, ఎవరూ అడగకపోతే పాము విషం కోసం వెతకరు.

దాచి ఉంచిన కండ ముక్కని ఆ పరీక్షకి పంపించి, సువర్చల ఊటలంక వెళ్ళింది. ఆ రాత్రి అతను ఎక్కడ పడుకున్నాడో కళ్ళతో చూస్తే గానీ ఆవిడకి మనసొప్పలేదు.

పడవ దిగి, అరటి తోటల మధ్య బురద దారిలో ఎస్సై వెనకే నడిచింది. ఇంటి ముందు పున్నమ్మ ఒక్కతే ఉంది. ఆరడుగుల మనిషి, జుట్టంతా తెల్లబడింది. కూర్చోమని మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. తల్లి పోయేనాటికి తమ్ముడు పాలు తాగే పిల్లాడట. తను పెళ్ళి కూడా మానుకుని వాణ్ణి పెంచిందట. సీతారావమ్మని ఏరికోరి తెచ్చింది కూడా తనేనట. అది చెప్పేటప్పుడు మాత్రం పున్నమ్మ గొంతు గట్టిపడింది.

గొడవ దేనికని అడిగితే పెరట్లో చక్రకేళీ చెట్టు చూపించింది. చెల్లెలి సీమంతానికి పట్టుకెళ్ళాలని సీతారావమ్మ ఆ గెలని కన్నబిడ్డలా కాపాడుకుందట. నాంచారయ్య ఆ సంగతే మర్చిపోయి గెల కోసి పడవ వాడికి ఇచ్చేశాడు. దానికి ఆవిడ నానా మాటలూ అని, ఇక ఈ జన్మలో నాతో మాట్లాడమాకు అని తలుపు వేసుకుంది. అతను అలిగి చాప తీసుకుని వసారాలో కటిక నేల మీద పడుకున్నాడు. ఏనాడూ నేల మీద పడుకోని మనిషి. వసారా చివర పసుపు కొమ్ముల బస్తాలు, గోడకి ఎలక బొక్కలు ఉన్నాయి. సువర్చల ఆ బొక్కల వంక చూస్తూ నిలబడిపోయింది.

తెల్లారి మీరే చూశారా అని అడిగింది. కాఫీ పట్టుకెళ్ళి సీతారావమ్మే ముందు చూసిందట, ఆ కేకకి తను వచ్చిందట. డాక్టరు అవతలి ఒడ్డున ఉంటాడు. ఊళ్ళో పెద్దమనిషి వచ్చి నాడి పట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి, అయిపోయిందన్నాడు.

"కళ్ళు సగం తెరిచే ఉన్నయ్యండి. ఎన్నిసార్లు మూసినా మళ్ళీ తెరుచుకున్నయ్. నన్నే చూస్తన్నట్టుంది," అంది పున్నమ్మ. "గడ్డం కింద గుడ్డ నేనే కట్టా. ముక్కుల్లో దూది నేనే పెట్టా. ఎవర్నీ ముట్టుకోనియ్యలా. మా అమ్మకి పెట్టింది నేనే, వీడికీ నేనే పెడతానన్నా."

ఆ మాట సువర్చల అంతకుముందే విన్నది. అదే గొంతు, అవే మాటలు, కడచెవిలో. ఆ మాటల తర్వాత చెవి దగ్గర గుడ్డ రాపిడి, ఏదో మెత్తగా కూరుతున్న చప్పుడు వినపడ్డాయి. ఆ తర్వాత, అప్పటిదాకా సన్నగా దారప్పోగులా వస్తూ పోతూ ఉన్న ఊపిరి శబ్దం ఆగిపోయింది. గుండె ఇంకా కొంతసేపు కొట్టుకుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగి పెరిగి, ఏడుపులు చెరువు అడుగుకి వెళ్ళిపోయి, అన్నీ సద్దుమణిగాయి.

చేతిలో మజ్జిగ గ్లాసు ఉండగానే ఆవిడకి అదంతా మళ్ళీ వినపడింది. సగం మజ్జిగ మిగిలిపోయింది. పున్నమ్మ ఆ గ్లాసు తీసుకుంటూ, ఆ సీతారావమ్మని వదిలిపెట్టమాకండి, నా బిడ్డని మింగింది అంది. ఆ చేతులు పెద్దవి, పని చేసి చేసి గట్టిపడిన చేతులు. సువర్చల ఆ చేతుల వంక చూడలేకపోయింది.

విషం పరీక్ష ఫలితం కొద్దిరోజుల్లోనే వచ్చింది. కట్లపాము విషమే. దాంతో కేసు తేలిపోయింది. సీతారావమ్మని విడిపించడానికి ఆ ఒక్క ఫలితం చాలు, కడచెవిని కోర్టులో పలికించాల్సిన అవసరమే లేదు. బాషాకి మాత్రం మనసు ఊరుకోలేదు. విన్నది విన్నట్టు రాయకపోతే మనం చేసే పనికి అర్థమేముంది మేడం అన్నాడు. వాడన్నదీ నిజమే. సువర్చల అంతా రాసింది, దూది సంగతితో సహా. జడ్జిగారు తన గదిలో కూర్చుని చదువుకుని, పాముకాటు మరణమని తీర్పు చెప్పి, మిగతాది బయటికి రానక్కర్లేదన్నారు. చట్టం దృష్టిలో ఎవరూ ఎవర్నీ చంపలేదు.

ఆ దూది పెట్టకుండా, పడవ మీద వేసుకుని అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి, ఊపిరి ఆడించే యంత్రం పెడితే బతికేవాడేమో. ఏమో కాదు, బహుశా బతికేవాడే. ఇది సువర్చలకి తెలుసు, బాషాకి తెలుసు, జడ్జిగారికి తెలుసు. ముగ్గురితో ఆగిపోతుందనే ఆవిడ అనుకుంది.

ఆ తర్వాత ఆవిడకి ఒక పాడు అలవాటు పట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం అమ్మ భోజనం చేసి కునుకు తీస్తుంటే పక్కకెళ్ళి నిలబడి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఒకరోజు అమ్మ కళ్ళు తెరవకుండానే, ఇంకా పోలేదులేవే, వెళ్ళి నీ పని చూసుకో అంది. నవ్వు రావాల్సింది. రాలేదు. ఒకవేళ నాంచారయ్య భార్య వచ్చి నన్నడిగితే ఏం చెప్పాలమ్మా అని అడగబోయి మానుకుంది. అమ్మ ఏమంటుందో ముందే తెలుసు. అబద్ధం చెప్పమంటుంది.

సీతారావమ్మ రానే వచ్చింది. చలి మొదలైన రోజులవి. చేతిలో పేపరు చుట్టిన అరటిపళ్ళ అత్తం ఉంది. వెనకాలే పున్నమ్మ వచ్చింది గానీ లోపలికి రాలేదు, మెట్ల దగ్గరే గొడుగు పక్కన పెట్టుకుని కూర్చుంది. విడుదలైన రోజు జైలు గేటు దగ్గరికి తీసుకెళ్ళడానికి వచ్చింది పున్నమ్మేనట. కాళ్ళ మీద పడబోతే తనే లేవదీసిందట సీతారావమ్మ. ఇప్పుడు ఇద్దరూ ఒకే వంట తింటున్నారు. లంకలో ఇద్దరికీ ఇంకెవరున్నారని అంది.

సన్నటి మనిషి, గొంతు మాత్రం తెలిసిన గొంతే. సువర్చలకి అంతకుముందు ఆవిడ ముఖం తెలియదు, ఏడుపు మాత్రం కంఠతా వచ్చు. ఆ గొంతు మామూలు మాటలు మాట్లాడుతుంటే వినడానికి ఆవిడకి భయమేసింది. పళ్ళు ఆ చెట్టువే, పిలకకి కాసినయ్యి, తినండి అని బల్ల మీద పెట్టి, సీతారావమ్మ కాసేపు గోళ్ళు చూసుకుంది.

"మీరు పోయినోళ్ళ చెవులు ఇంటారంట గదమ్మా," అంది. "జైల్లో ఉరి వేస్తారన్నా నాకు బయం ఎయ్యలా. నాతో మాట్టాడమాకు అన్నా నేను. ఆ మాటే ఆయన చెవుల్లో ఉండిపోయిందా, ఇంకేవన్నా ఇన్నాడా? అదొక్కటి చెప్పండి. దానికే వచ్చా."

సువర్చల అబద్ధం సిద్ధంగానే పెట్టుకుంది. ఎన్నో రోజుల నుంచి దాన్ని మనసులో అనుకుంటూనే ఉంది: ఏమీ వినపడలేదు, నిద్రలోనే పోయాడు, బాధ తెలియలేదు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ అబద్ధం చెప్తే ఈ మనిషి ఆ ఒక్క మాటనీ మోసుకుంటూ పడవెక్కుతుంది, బతికినన్నాళ్ళూ మోస్తుంది. నిజం చెప్తే ఆ మాట దిగిపోతుంది, దాని చోట్లో ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. రెండింటిలో ఏది బరువో తూచే యంత్రం ఆవిడ దగ్గర లేదు. ఎదురుగా ఉన్న మనిషి ఆవిడ నోటినే చూస్తోంది.

"ఆ మాట కాదమ్మా," అంది సువర్చల. "మీరు వెనక్కి తీసుకున్నది విన్నాడు. పక్కన కూర్చుని ఏడ్చారే, అదంతా విన్నాడు."

సీతారావమ్మ ముఖం విచ్చుకుంది. కన్నీళ్ళు జలజలా రాలాయి, తుడుచుకోలేదు. ఇన్నాడా, ఇన్నాడా అని రెండుమూడుసార్లు అంది. చేతులెత్తి దణ్ణం పెట్టింది. అన్నాళ్ళ నుంచీ ఊపిరి బిగబట్టుకుని ఇప్పుడే వదిలినట్టు ఆవిడ భుజాలు కిందికి దిగాయి. సువర్చల ప్రాణం కూడా ఒక్క క్షణం కుదుటపడింది.

ఆ తర్వాత సీతారావమ్మ కదలడం మానేసింది. ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. కళ్ళు బల్ల మీద ఏదో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరిగాయి. ఏడ్చింది ఎప్పుడో, దీపం పెట్టింది ఎప్పుడో, వేళ్ళు కట్టింది ఎప్పుడో ఒకదాని తర్వాత ఒకటి లెక్కకి వస్తున్నాయి కాబోలు. ఒక చెయ్యి మెల్లగా పైకి వెళ్ళి తన ముక్కుని తాకి అక్కడే ఆగింది. సువర్చల తల దించుకుంది. అంతకంటే జవాబు అక్కర్లేకపోయింది.

సీతారావమ్మ ఏడవలేదు, అరవలేదు. కొంగుతో ముఖం మొత్తం తుడుచుకుని, జుట్టు సరిచేసుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"దూది పెట్టింది మా వదినమ్మా."

తెలుసన్నట్టు సువర్చల తలూపింది.

"ఆమెకి చెప్పమాకండి. ఎప్పుడన్నా వచ్చి అడిగినా చెప్పమాకండి. సచ్చిపోద్ది."

చెప్పనని సువర్చల చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. సీతారావమ్మ చెప్పులు తొడుక్కుని వరండాలోకి నడిచింది. సాగనంపడానికి సువర్చల గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడింది. మెట్ల దగ్గర పున్నమ్మ గొడుగు ఊతం చేసుకుని లేచింది. మరదలి ఎర్రటి కళ్ళు చూసి కంగారుపడింది.

"ఏం చెప్పిందే ఆవిడ?"

"ఏం లేదొదినా. ఏవీ ఇనపళ్ళేదంట. నిద్దట్లోనే పోయాడంట."

పున్నమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకుంది. ఎండగా ఉందని గొడుగు విప్పి సీతారావమ్మ తల మీదికి పట్టింది.

"పోన్లే. మన చేతుల్లో సుకంగా పోయాడు పిల్లోడు," అంది.

"అవునొదినా," అంది సీతారావమ్మ.